క్లారెన్స్ కుక్ లిటిల్

క్లారెన్స్ కుక్ లిటిల్ (అక్టోబరు 6, 1888 – డిసెంబరు 22, 1971) అమెరికాకు చెందిన జన్యుశాస్త్రవేత్త. వైద్య పరిశోధనల కోసం ప్రత్యేకంగా పెంచిన తొలి శుద్ధవంశపు చిట్టెలుకలను రూపొందించినవాడిగా, మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ప్రయోగశాల స్థాపకుడిగా ప్రసిద్ధుడు. మెయిన్, మిషిగన్ విశ్వవిద్యాలయాలకు అధ్యక్షుడిగా, అమెరికా క్యాన్సర్ నివారణ సంఘానికి కార్యనిర్వాహక సంచాలకుడిగా పనిచేశాడు. జీవితపు చివరి పదిహేడేళ్ళు పొగాకు పరిశ్రమ నెలకొల్పిన పరిశోధనా సంఘానికి శాస్త్రీయ సంచాలకుడిగా ఉండి, ధూమపానమే క్యాన్సర్‌కు కారణమన్న నిర్ధారణను వ్యతిరేకించాడు. కీళ్ళవాతం, పేగుల శోథ వంటి వ్యాధులను అర్థం చేసుకోవడానికి నేడు ఉపయోగిస్తున్న జన్యుమార్పిడి ఎలుకలలో అధిక భాగానికి ఆయన ఏర్పరచిన వంశాలే పునాది.

బాల్యం, విద్యాభ్యాసం

లిటిల్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రూక్‌లైన్‌లో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. తల్లి వైపున ఆయన అమెరికా స్వాతంత్ర్య సమర వీరుడు పాల్ రివీర్ వంశానికి చెందినవాడు. చిన్ననాటి నుండి కుక్కలు, ఎలుకలు మొదలైన జంతువుల పెంపకంపై ఆసక్తి ఉండేది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి 1910లో పట్టభద్రుడయ్యాడు. 1914లో అక్కడే డాక్టరేటు పొందాడు.

మెండెల్ అనువంశిక సూత్రాలు 1900లో తిరిగి వెలుగులోకి వచ్చి అప్పటికి కొద్ది సంవత్సరాలే అయింది. బఠాణీ మొక్కలకు వర్తించిన సూత్రాలు క్షీరదాలకు కూడా వర్తిస్తాయా అన్నది ఆనాటి ముఖ్యమైన ప్రశ్న. హార్వర్డ్‌లో విలియం ఎర్నెస్ట్ కాజిల్ అనే ఆచార్యుడు కుందేళ్ళు, గినీపందులు, ఎలుకలపై ఈ ప్రశ్నను పరిశీలిస్తున్నాడు. లిటిల్ ఆయన శిష్యుడై చిట్టెలుకల రోమాల రంగును తన పరిశోధనాంశంగా ఎంచుకున్నాడు.

పసుపు ఎలుకల సమస్య

పసుపు రంగు ఎలుకలను వాటిలో వాటికే జతకలిపితే ప్రతిసారీ కొన్ని వేరే రంగు పిల్లలు పుట్టేవి. ఎన్ని తరాలు ప్రయత్నించినా పసుపు రంగు పిల్లలు మాత్రమే పుట్టే శుద్ధవంశం లభించలేదు. ఫ్రాన్సుకు చెందిన లూసియన్ కేనో ఈ సంగతిని 1905లో గమనించాడు. 1910లో కాజిల్, లిటిల్ కలిసి ఎక్కువ సంఖ్యలో ఎలుకలను లెక్కించి, మెండెల్ సూత్రం ప్రకారం 3:1 రావలసిన నిష్పత్తి ఇక్కడ 2:1గా వస్తున్నదని చూపించారు. తల్లిదండ్రులు ఇద్దరి నుండీ పసుపు జన్యువును పొందిన పిండాలు పుట్టకముందే మరణిస్తున్నాయన్నది వారి వివరణ. ఒక జన్యువు రంగుతో పాటు ప్రాణాన్ని కూడా శాసించగలదని క్షీరదాలలో తెలిపిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

శుద్ధవంశాల సృష్టి

1909లో విద్యార్థిగా ఉండగానే లిటిల్ ఒక దీర్ఘకాలిక ప్రయోగం ప్రారంభించాడు. ఒకే ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్ళను జతకలిపి, వాటి పిల్లలలో మళ్ళీ అన్నాచెల్లెళ్ళను జతకలుపుతూ పోవడం ఇందులోని పద్ధతి. ఇలా చేస్తే సంతానం బలహీనపడి కొన్ని తరాలలో వంశం అంతరించిపోతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. లిటిల్ ఎలుకలు కూడా ఇబ్బందులకు లోనైనా పూర్తిగా నశించలేదు. వాటి నుండి ఏర్పడిన వంశానికి డీబీఏ అని పేరు. లేతబారిన రంగు, గోధుమ వర్ణం, అగౌటి చార లేకపోవడం అనే మూడు లక్షణాల ఆంగ్ల సంకేతాక్షరాలే ఆ పేరు. ప్రపంచంలో శుద్ధవంశంగా రూపొందిన మొదటి ఎలుకలు ఇవే.

ఈ పద్ధతిలో తరం గడిచేకొద్దీ వంశంలోని వైవిధ్యం తగ్గిపోతుంది. ఇరవై తరాలు పూర్తయ్యేసరికి ప్రతి ఎలుకలోనూ 98 శాతానికి పైగా జన్యుస్థానాలు సమయుగ్మజాలవుతాయి. అంటే అక్కడ తల్లి నుండి వచ్చిన ప్రతి, తండ్రి నుండి వచ్చిన ప్రతి ఒకేలా ఉంటాయి. అప్పుడు ఆ వంశంలోని ఏ రెండు ఎలుకలైనా (ఆడ, మగ తేడా మినహా) సమరూప కవలల వలె ఉంటాయి. సాధారణ ఎలుకలలో ఒకదానికి జబ్బు చేసి మరొకదానికి చేయకపోతే అందుకు కారణం ఆహారమా, సూక్ష్మజీవులా, పుట్టుకా అని తేల్చడం కష్టం. శుద్ధవంశంలో పుట్టుకలోని తేడా దాదాపు తొలగిపోతుంది కాబట్టి మిగిలిన కారణాలను విడదీసి చూడవచ్చు. రసాయన శాస్త్రవేత్తకు శుద్ధమైన పదార్థం ఎటువంటిదో జీవశాస్త్రవేత్తకు శుద్ధవంశపు ఎలుక అటువంటిది.

లిటిల్ పేరును నిలబెట్టిన మరొక వంశం సీ57 బ్లాక్. దీనికి మూలమైన ఎలుకలు మసాచుసెట్స్‌లోని గ్రాన్‌బీ గ్రామంలో అబీ ల్యాత్రోప్ అనే మహిళ నడిపిన పెంపక కేంద్రం నుండి వచ్చాయి. పూర్వం ఉపాధ్యాయురాలైన ల్యాత్రోప్ సరదాగా పెంచుకునేవారి కోసం రంగురంగుల ఎలుకలను పెంచి అమ్మేది. తరువాత ప్రయోగశాలలకు కూడా సరఫరా చేసింది. లియో లోబ్ అనే వైద్య శాస్త్రవేత్తతో కలిసి ఎలుకల కణితులపై పరిశోధనా పత్రాలు కూడా ప్రచురించింది. ఆమె 1918లో మరణించింది. ఆమె ఎలుకల సంతతిలోని 57వ సంఖ్య గల ఆడ ఎలుకను 52వ సంఖ్య గల మగ ఎలుకతో జతకలిపి 1921లో లిటిల్ ఈ నల్ల ఎలుకల వంశాన్ని నెలకొల్పాడు. ఆ సమయంలో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనా కేంద్రంలో పనిచేస్తున్నాడు.

కణితి మార్పిడి పరిశోధనలు

ఒక ఎలుకలోని కణితిని మరొక ఎలుక శరీరంలో నాటితే కొన్నిసార్లు అది పెరిగేది, కొన్నిసార్లు నశించేది. ఎర్నెస్ట్ టైజర్ అనే వైద్యుడు జపాను గిరగిర ఎలుకల కణితులను సాధారణ ఎలుకలలో నాటినపుడు అవి పెరగలేదు. ఈ రెండు రకాలకు పుట్టిన సంకర సంతతిలో మాత్రం పెరిగాయి. ఆ సంకర ఎలుకలకు పుట్టిన తరువాతి తరంలో చాలా తక్కువ వాటిలోనే పెరిగాయి. ఇది మెండెల్ సూత్రాలకు విరుద్ధమని మొదట అనిపించింది.

1914లో లిటిల్ దీనికి పరిష్కారం సూచించాడు. కణితిని స్వీకరించడానికి ఒకటి కాదు, అనేక బహిర్గత జన్యువులు ఒకేసారి ఉండాలని ఆయన ప్రతిపాదన. ఒక్కొక్క జన్యువు రెండవ తరంలో నాలుగింట మూడు వంతుల ఎలుకలకు వస్తుంది. పది, పన్నెండు జన్యువులూ ఒకేదానిలో కలిసి రావడం అరుదు కనుక కణితిని స్వీకరించే ఎలుకలు కూడా అరుదుగానే ఉంటాయి. 1916లో టైజర్‌తో కలిసి చేసిన ప్రయోగాలు దీనిని బలపరచాయి. అవయవ మార్పిడిని శరీరం ఎందుకు తిరస్కరిస్తుందన్న శాస్త్రానికి ఇదే ఆరంభం. తరువాత లిటిల్ ప్రయోగశాలలోనే జార్జ్ స్నెల్ ఈ జన్యువులను ఒక్కొక్కటిగా విడదీశాడు. వాటిలో అతి ముఖ్యమైన భాగానికి హెచ్-2 అని పేరు వచ్చింది. ఈ కృషికి స్నెల్ 1980లో మరో ఇద్దరితో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

విశ్వవిద్యాలయాల అధ్యక్షుడిగా

1922లో లిటిల్ మెయిన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. అప్పటికి ఆయన వయసు 33 సంవత్సరాలు. 1925లో మిషిగన్ విశ్వవిద్యాలయ అధ్యక్ష పదవి చేపట్టాడు. పాలనా బాధ్యతలు నిర్వహిస్తూనే ఎలుకల పెంపకాన్ని కొనసాగించాడు. మిషిగన్‌లో ఆయన పదవీకాలం వివాదాలతో సాగింది. విద్యార్థులు కార్లు వాడరాదని నిషేధించడం, సంతాన నియంత్రణను బహిరంగంగా సమర్థించడం, విద్యావిధానంలో పెద్ద మార్పులు ప్రతిపాదించడం వంటి విషయాలలో అధ్యాపకులతోను, పాలకమండలితోను విభేదాలు వచ్చాయి. 1929లో ఆయన రాజీనామా చేశాడు.

జాక్సన్ ప్రయోగశాల

మెయిన్ తీరంలోని మౌంట్ డెజర్ట్ ద్వీపంలో డెట్రాయిట్ నగరపు మోటారు కార్ల పరిశ్రమాధిపతులు కొందరు వేసవి విడుదులు ఏర్పరచుకున్నారు. హడ్సన్ మోటార్ కార్ కంపెనీ అధిపతి రోస్కో జాక్సన్, హెన్రీ ఫోర్డ్ కుమారుడు ఎడ్సెల్ ఫోర్డ్ లిటిల్ పరిశోధనలకు ఆర్థిక సహాయం చేశారు. 1929లో జాక్సన్ మరణించగా, ఆయన స్మారకంగా అదే సంవత్సరం ఆ ద్వీపంలోని బార్ హార్బర్ పట్టణంలో లిటిల్ ఒక ప్రయోగశాలను స్థాపించాడు. క్యాన్సర్ స్వభావాన్ని, జన్యుశాస్త్రాన్ని శుద్ధవంశపు ఎలుకల ద్వారా అధ్యయనం చేయడం దాని లక్ష్యం.

కొద్ది నెలలకే అమెరికాలో ఆర్థిక మాంద్యం మొదలైంది. దాతల విరాళాలు తగ్గిపోయాయి. ప్రయోగశాలను నిలబెట్టుకోవడానికి ఇతర సంస్థలకు ఎలుకలను అమ్మడం ప్రారంభించారు. అవసరం కొద్దీ మొదలైన ఈ అమ్మకమే ఆ సంస్థకు ప్రపంచవ్యాప్త గుర్తింపు తెచ్చింది. వేర్వేరు దేశాలలోని పరిశోధకులు ఒకే వంశపు ఎలుకలను వాడటంతో ఒకరి ఫలితాలను మరొకరు సరిచూసుకునే వీలు కలిగింది.

1933లో ఈ ప్రయోగశాల సిబ్బంది ఒక ముఖ్యమైన ఫలితాన్ని ప్రకటించారు. రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా వచ్చే వంశాన్ని, తక్కువగా వచ్చే వంశంతో జతకలిపినపుడు పిల్లలకు క్యాన్సర్ రావడం తండ్రి వంశంపై కంటే తల్లి వంశంపై ఎక్కువగా ఆధారపడింది. క్రోమోజోములు మాత్రమే కారణమైతే ఇలా జరగదు. 1936లో జాన్ బిట్నర్ ఆ కారకం తల్లి పాల ద్వారా వస్తున్నదని తేల్చాడు. అది ఒక వైరస్ అని తరువాత తెలిసింది. వంశపారంపర్యంగా కనిపించే జబ్బుకు బయటి కారణం కూడా ఉండవచ్చని ఈ విధంగా లిటిల్ సొంత ప్రయోగశాలలోనే రుజువైంది.

1947 అక్టోబరులో ద్వీపంలో చెలరేగిన కార్చిచ్చు ప్రయోగశాలను దహించింది. అక్కడి ఎలుకలు దాదాపు అన్నీ నశించాయి. అయితే అంతకుముందు ఎలుకలను కొనుగోలు చేసిన పరిశోధకులు తమ వద్ద పెరుగుతున్న ఎలుకల జతలను తిరిగి పంపించారు. ఆ విధంగా పాత వంశాలు మళ్ళీ నిలిచాయి. లిటిల్ 1956 వరకు ప్రయోగశాల సంచాలకుడిగా కొనసాగాడు.

క్యాన్సర్ ప్రచారోద్యమం

1929 నుండి 1945 వరకు లిటిల్ అమెరికా క్యాన్సర్ నివారణ సంఘానికి కార్యనిర్వాహక సంచాలకుడు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీగా తరువాత పేరు మార్చుకున్నది ఈ సంఘమే. క్యాన్సర్ పేరు పలకడానికే జనం సంకోచించే రోజులవి. 1936లో ప్రారంభమైన మహిళా దళంలో లక్షకు పైగా స్త్రీలు చేరి, వ్యాధి లక్షణాలను తొలిదశలోనే గుర్తించడం గురించి ఇంటింటా ప్రచారం చేశారు. 1937లో జాతీయ క్యాన్సర్ సంస్థ ఏర్పడినపుడు దాని సలహామండలి తొలి సభ్యులలో లిటిల్ ఒకడు. అదే సంవత్సరం టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఆయన చిత్రాన్ని ప్రచురించింది. 1944లో సామాన్యుల కోసం రాసిన ఒక చిన్న పుస్తకంలో, పొగాకు రేణువులను పదేపదే ఊపిరితిత్తులలోకి పీల్చడం మంచిది కాదన్న అభిప్రాయాన్ని ఆయనే వ్యక్తం చేశాడు.

సుప్రజనన వాదం

ఎలుకల వంశాలపై చేసిన కృషి లిటిల్‌ను మానవ వంశాల గురించి కూడా అదే ధోరణిలో ఆలోచింపజేసింది. ఆయన అమెరికన్ యూజెనిక్స్ సొసైటీకి అధ్యక్షుడిగా పనిచేశాడు. అనర్హులుగా భావించిన వారికి నిర్బంధ వంధ్యీకరణను, వలసలపై ఆంక్షలను సమర్థించాడు. సంతాన నియంత్రణ ఉద్యమంలో పాల్గొనడానికి కూడా కొంతవరకు ఈ భావాలే కారణం. మనుషుల బీదరికం, జబ్బులు, ప్రవర్తన కేవలం రక్తసంబంధమైనవన్న ఈ వాదం శాస్త్రీయంగా నిలబడలేదు. నాజీ జర్మనీ దుశ్చర్యల తరువాత అది పూర్తిగా అప్రతిష్ఠ పాలయింది.

పొగాకు పరిశ్రమతో సంబంధం

1950లో బ్రిటన్, అమెరికా దేశాలలో వెలువడిన అధ్యయనాలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, ధూమపానానికి బలమైన సంబంధం ఉన్నట్లు చూపించాయి. 1953 డిసెంబరులో ఎర్నెస్ట్ విండర్ బృందం, సిగరెట్ల పొగ నుండి తీసిన తారును చర్మానికి పూసిన ఎలుకలలో 44 శాతానికి క్యాన్సర్ వచ్చినట్లు ప్రకటించింది. ఈ వార్తతో సిగరెట్ కంపెనీలు కలవరపడ్డాయి. 1954 జనవరి 4న నాలుగు వందలకు పైగా పత్రికలలో ఉమ్మడి ప్రకటన ఇచ్చి, పొగాకు పరిశ్రమ పరిశోధనా సంఘాన్ని ఏర్పరచాయి. అదే సంవత్సరం లిటిల్ దానికి శాస్త్రీయ సంచాలకుడయ్యాడు. క్యాన్సర్‌పై పోరాటానికి పేరుపొందిన వ్యక్తి ఆ పదవిలో ఉండటం సంఘానికి గౌరవం కలిగించింది.

కొందరికే క్యాన్సర్ రావడానికి వంశపారంపర్య స్వభావం ముఖ్య కారణమని, ధూమపానం కారణమని ఇంకా రుజువు కాలేదని లిటిల్ వాదించాడు. ఒకే పదార్థానికి వేర్వేరు వంశాల ఎలుకలు వేర్వేరుగా స్పందిస్తాయన్నది ఆయన జీవితమంతా చూసిన సత్యమే. కానీ వ్యాధికి లోనయ్యే స్వభావం పుట్టుకతో వచ్చినంత మాత్రాన బయటి కారణం లేకుండా పోదు. తల్లి పాల కారకం విషయంలో ఆయన ప్రయోగశాల నేర్పిన పాఠం కూడా ఇదే. సంఘం ఇచ్చిన నిధులతో అనేకమంది శాస్త్రవేత్తలు ఉపయోగకరమైన పరిశోధనలు చేశారు. అయితే వాటిలో చాలా భాగం సిగరెట్లు హాని చేస్తాయా అన్న ప్రశ్నకు దూరంగా ఉండేవి. 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక ధూమపానం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని స్పష్టం చేసిన తరువాత కూడా లిటిల్ అభిప్రాయం మారలేదు. 1971లో మరణించే వరకు ఆయన ఆ సంఘంతోనే ఉన్నాడు. సిగరెట్ కంపెనీలకు, రాష్ట్ర ప్రభుత్వాలకు మధ్య జరిగిన ఒప్పందం ఫలితంగా 1998లో సంఘం రద్దయింది. సిగరెట్ కంపెనీలు ధూమపానపు హాని గురించి ప్రజలను దశాబ్దాలపాటు మోసగించాయని 2006లో అమెరికా ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది.

శోథ వ్యాధుల పరిశోధనలో లిటిల్ ఎలుకలు

గాయానికి, సూక్ష్మజీవులకు శరీరం వాపు, ఎరుపు, వేడి, నొప్పులతో స్పందించడాన్ని శోథ అంటారు. ఇది రక్షణ చర్య. అదుపు తప్పితే కీళ్ళవాతం, పేగుల శోథ, ఉబ్బసం వంటి దీర్ఘవ్యాధులకు దారితీస్తుంది. ఈ వ్యాధులలో ఏ జన్యువు ఏమి చేస్తుందో తెలుసుకోవడానికి ఎలుకలో ఆ ఒక్క జన్యువును చేర్చి గాని, తొలగించి గాని చూస్తారు. మిగిలిన జన్యువులన్నీ సమానంగా ఉన్నప్పుడే ఈ పోలికకు అర్థముంటుంది.

లిటిల్ రూపొందించిన డీబీఏ వంశపు ఒక శాఖ (డీబీఏ/1) కీళ్ళవాత పరిశోధనలో ప్రధానమైనది. కొల్లాజెన్ అనే ప్రోటీనును సూదిమందుగా ఇస్తే ఈ ఎలుకలకు కీళ్ళవాతాన్ని పోలిన వ్యాధి వస్తుంది. అలా రావడం హెచ్-2 జన్యువుల మీద ఆధారపడి ఉంటుంది. అంటే లిటిల్ తొలినాటి రెండు కృషులు, శుద్ధవంశం, కణితి మార్పిడి, ఇక్కడ కలుసుకున్నాయి. డీబీఏ మగ ఎలుక నుండి లియోనెల్ స్ట్రాంగ్ 1920లో మొదలుపెట్టిన సీ3హెచ్ వంశంలో, జాక్సన్ ప్రయోగశాలలో పెరిగిన ఒక శాఖ సూక్ష్మజీవుల విషపదార్థానికి దాదాపు స్పందించకుండా పోయింది. దీనికి కారణమైన టీఎల్ఆర్-4 జన్యుదోషాన్ని 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం కనుగొన్నది. శరీరం సూక్ష్మజీవులను ఎలా గుర్తించి శోథను మొదలుపెడుతుందో దీనివలన తెలిసింది. బ్యూట్లర్‌కు 2011లో నోబెల్ బహుమతి లభించింది.

జన్యువులను కోరిన విధంగా మార్చే విద్యకు కూడా జాక్సన్ ప్రయోగశాలతో సంబంధం ఉంది. 1950ల ఆరంభంలో అక్కడ ఒక పొగాకు కంపెనీ నిధులతో ఎలుకలపై ప్రయోగాలు చేస్తున్న లెరాయ్ స్టీవెన్స్, 129 అనే వంశపు ఎలుకలో అనేక రకాల కణజాలాలు కలిసిన వింత కణితిని గమనించాడు. దానిపై సాగిన పరిశోధనలు 1981లో పిండ మూలకణాలను వేరుచేయడానికి దారితీశాయి. ఆ మూలకణాలలో జన్యువును మార్చి నాకౌట్ ఎలుకలను తయారుచేసే పద్ధతికి మారియో కాపెక్కి, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌లకు 2007లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇలా తయారైన ఎలుకలను సాధారణంగా అనేక తరాలపాటు సీ57 బ్లాక్/6తో జతకలిపి, మార్చిన జన్యువు తప్ప మిగతాదంతా ఆ వంశానిదే అయ్యేలా చేస్తారు.

1991లో గ్రీసు శాస్త్రవేత్త జార్జ్ కోలియాస్ బృందం, మానవ టీఎన్ఎఫ్ జన్యువును అధికంగా పనిచేసేలా చేర్చిన ఎలుకలకు కీళ్ళవాతం వస్తుందని, టీఎన్ఎఫ్‌ను అడ్డగించే ప్రతిదేహాలతో అది ఆగిపోతుందని చూపించింది. టీఎన్ఎఫ్ నిరోధక మందులు తరువాతి కాలంలో కీళ్ళవాత చికిత్సను మార్చివేశాయి. 1993లో ఇంటర్‌ల్యూకిన్-10 జన్యువు తొలగించిన ఎలుకలలో పేగుల శోథ కనిపించింది. శోథను రగిలించే జన్యువులతో పాటు దానిని చల్లార్చే జన్యువులు కూడా అవసరమని దీనివలన తేలింది. 1997లో వెలువడిన మరో పరిశోధనలో, సిగరెట్ పొగ పీల్చిన సాధారణ ఎలుకల ఊపిరితిత్తులు దెబ్బతినగా, శోథకణాలు విడుదల చేసే ఒక ఎంజైము జన్యువును తొలగించిన ఎలుకలకు ఆ హాని కలగలేదు. పొగాకు పొగ శోథ ద్వారా ఊపిరితిత్తులను నాశనం చేసే మార్గం ఈ విధంగా బయటపడింది. వంశపారంపర్యాన్ని అడ్డుపెట్టి లిటిల్ సందేహించిన హానిని, ఆయన బాట వేసిన పద్ధతే జన్యువు స్థాయిలో వివరించింది.

2002లో ప్రచురితమైన తొలి ఎలుక జన్యుపటం సీ57 బ్లాక్/6 ఎలుకదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన ప్రయోగశాల జంతువుల కేంద్రం కూడా భారతదేశంలోని పరిశోధకులకు శుద్ధవంశపు ఎలుకలను సరఫరా చేసింది.

పరిమితులు

ఒకే వంశపు ఎలుకలో కనిపించిన ఫలితం మనుషులకు ఎంతవరకు వర్తిస్తుందన్నది వివాదాస్పదం. తీవ్ర శోథలో ఎలుకల జన్యువుల స్పందన మానవుల స్పందనతో సరిపోలడం లేదని 2013లో ఒక అధ్యయనం పేర్కొంది. అవే వివరాలను వేరొక పద్ధతిలో విశ్లేషించిన మరొక బృందం పోలిక బలంగానే ఉన్నదని తేల్చింది. సీ57 బ్లాక్/6 ఎలుకలన్నీ కలిసి జన్యుపరంగా ఒకే ఒక్క జీవితో సమానం కనుక, వేర్వేరు వంశాలలో కూడా పరీక్షించడం అవసరమని పరిశోధకులు భావిస్తున్నారు. ఏకరూపత ఈ ఎలుకలకు బలం, పరిమితి కూడా.

మరణం, గుర్తింపు

లిటిల్ కుక్కల పెంపకంలో కూడా నిపుణుడు. కుక్కల రోమాల రంగు వంశానుగతంగా వచ్చే తీరుపై 1957లో ఆయన ప్రచురించిన గ్రంథాన్ని పెంపకందారులు చాలాకాలం ప్రామాణికంగా భావించారు. 1971 డిసెంబరు 22న మెయిన్ రాష్ట్రంలోని ఎల్స్‌వర్త్‌లో ఆయన మరణించాడు.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక విజ్ఞానశాస్త్ర భవనానికి ఆయన పేరు పెట్టారు. సుప్రజనన వాదాన్ని, పొగాకు పరిశ్రమకు చేసిన సేవను కారణాలుగా చూపుతూ విద్యార్థులు, అధ్యాపకులు కోరిన మీదట 2018లో పాలకమండలి ఆ పేరును తొలగించింది. తరువాత మెయిన్ విశ్వవిద్యాలయం కూడా తన భవనం నుండి ఆయన పేరును తీసివేసింది. ఆయన స్థాపించిన జాక్సన్ ప్రయోగశాల మాత్రం జన్యుమార్పిడి ఎలుకలను భద్రపరచి పరిశోధకులకు పంపే ప్రపంచపు పెద్ద కేంద్రాలలో ఒకటిగా ఎదిగింది. 1909లో మొదలైన డీబీఏ, 1921లో మొదలైన సీ57 బ్లాక్ వంశాలు నేటికీ అన్నాచెల్లెళ్ళ జతల ద్వారానే కొనసాగుతున్నాయి.